కాలర్ బోన్ విరిగిన పదిహేనేళ్ల డిఫెన్స్‌మన్: ప్లేఆఫ్స్‌కి దింపాలా, ఆపాలా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకూ పనికొస్తుంది. బాబుకి పదిహేనేళ్లు నిండాయి. కెనడాలోని బ్రాంప్టన్‌లో అండర్ 16 ట్రిపుల్ ఏ (ఆ వయసులో పై స్థాయి) ఐస్ హాకీ జట్టులో ఎడమవైపు డిఫెన్స్ ఆడతాడు, ఎడమచేతి షాట్ (స్టిక్‌ని కింద పట్టుకునేది ఎడమచెయ్యి). ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం, బరువు 72 కిలోలు. గడిచిన ఏడాదిలో 8 సెంటీమీటర్లు పెరిగాడు. ఎదుటి జట్టు మూలలోకి వదిలిన పక్ (ఆటలో వాడే రబ్బరు బిళ్ల) కోసం వెనక్కి వెళ్తుండగా వెనకనుంచి గుద్దితే, భుజం బోర్డులకు (రింక్ చుట్టూ ఉండే గోడకు) కొట్టుకుని ఎడమ కాలర్ బోన్ మధ్యలో విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, స్లింగ్ వేశారు. ఇప్పటికి ఐదు వారాలు. నొప్పి లేదంటున్నాడు. రెండు వారాల్లో ప్లేఆఫ్స్ (సీజన్ ఆఖరి పోటీలు), కోచ్ ఫోన్లు చేస్తున్నాడు, ముందు ఓహెచ్‌ఎల్ (అంటారియో జూనియర్ లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే కార్యక్రమం ఉంది. దీనికి తోడు సెప్టెంబర్ నుంచి గజ్జల్లో నొప్పి వస్తూ పోతూ ఉంది.

ఏడో వారంలో మ్యాచ్‌కి దింపకండి. డ్రాఫ్ట్ గురించి మీరు పడుతున్న బెంగలో చాలాభాగం అనవసరం. అసలు పట్టించుకోవాల్సింది మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన రెండు సంగతులు: దెబ్బ ఎలా తగిలింది, గజ్జల్లో నొప్పి ఎందుకు తగ్గడం లేదు. ఎముక దానంతటదే అతుక్కుంటుంది, ఈ రెండూ అలా తీరేవి కావు.

నొప్పి లేకపోవడాన్ని నమ్ముకోవద్దు. విరిగినచోట రెండు మూడు వారాలకే మెత్తటి అతుకు ఏర్పడుతుంది. అది ఎముక కొసల్ని కదలకుండా పట్టుకుంటుంది కాబట్టి నొప్పి పోతుంది. అది గట్టి ఎముకగా మారడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. పూర్తి బలం రావడానికి నెలలు పడుతుంది. నొప్పి పోయి బలం రాని ఈ మధ్యకాలంలోనే కుర్రాళ్లు మళ్లీ విరగ్గొట్టుకుంటారు. స్కూల్‌కి వెళ్లగలడు, బ్యాగు మోయగలడు, షాట్ కూడా కొట్టగలడు. బోర్డుల దగ్గర 90 కిలోల కుర్రాడు మీద పడితే మాత్రం లెక్క వేరు. రెండోసారి అదేచోట విరిగితే ప్లేటు వేయాల్సిన అవకాశం పెరుగుతుంది, వచ్చే సీజన్ మొదలు కూడా పోతుంది. ఆపరేషన్ వద్దన్నందుకు డాక్టర్ని అనుమానించకండి. ఎముక చర్మాన్ని పొడుచుకు రానప్పుడు, రక్తనాళాలకీ నరాలకీ ఇబ్బంది లేనప్పుడు ఈ వయసులో స్లింగ్‌తోనే చక్కగా అతుక్కుంటుంది. అక్కడ చేతికి తగిలే బుడిపె కొన్నాళ్లు ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

శారీరక తాకిడి ఉన్న ఆటకి మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అయితే క్యాలెండర్ ఒక్కటే చూడొద్దు, నాలుగు విషయాలు కలిసి రావాలి. రెండు కోణాల్లో తీసిన ఎక్స్‌రేలో విరిగినచోటుకి అడ్డంగా ఎముక వంతెన కట్టినట్టు కనపడాలి. అతుకు మీద బొటనవేలితో గట్టిగా నొక్కినా నొప్పి ఉండకూడదు. చెయ్యి తలపైకి, వెనక్కి, అడ్డంగా రెండోవైపుతో సమానంగా తిరగాలి. ఈ చేతి బలం రెండోచేతి బలంలో కనీసం 90 శాతం ఉండాలి. చివరిది ఫిజియో దగ్గర చిన్న మీటరుతో కొలుస్తారు. ఇంకో పరీక్ష జిమ్‌లోనే చేయొచ్చు, కానీ డాక్టర్ పుషప్‌లకి అనుమతి ఇచ్చాకే. నేలమీద 90 సెంటీమీటర్ల దూరంలో రెండు టేపులు అంటించి, పుషప్ భంగిమలో ఒక్కో చెయ్యి ఒక్కో టేపు మీద పెట్టాలి. ఒక చేత్తో రెండోచేతి పక్కన తాకి వెనక్కి తెచ్చి, మళ్లీ రెండోచేత్తో అలాగే చేయాలి. 15 సెకన్లలో 21 తాకుళ్లు రాకపోతే భుజం ఇంకా సిద్ధం కానట్టే. ఎడమచెయ్యి ఒక్కటే నేలమీద ఉన్న క్షణంలో మొండెం ఊగిపోతుంటే, అంకె ఎంత వచ్చినా ఫిజియోకి చెప్పండి.

ఐస్ మీదకి వెళ్లే వరస గురించి. డాక్టర్ స్కేటింగ్‌కి సరే అన్నాక మొదటి వారం ఒంటరిగా, రింక్ ఖాళీగా ఉన్న సమయంలో వెళ్లాలి. స్టిక్ అండ్ పక్ గంటల్లో (ఎవరైనా వచ్చి ఆడుకునే సమయంలో) వద్దు, చుట్టూ పదిమంది చిన్నపిల్లలు అడ్డదిడ్డంగా తిరుగుతుంటే పడిపోవడం ఖాయం. ఎడ్జ్‌లు, క్రాసోవర్లు, వెనక్కి సి-కట్లు, ముందునుంచి వెనక్కి తిరిగే పివట్లు లాంటి స్కేటింగ్ కదలికలు చాలు. పాస్‌లు, రిస్ట్ షాట్లు (మణికట్టుతో విసిరేవి) ఆ తర్వాత. స్లాప్ షాట్ (స్టిక్ పైకెత్తి కొట్టేది), వన్ టైమర్ (వచ్చిన పాస్‌ని ఆపకుండా కొట్టేది) అన్నిటికన్నా చివర. స్టిక్ బ్లేడు పక్‌కన్నా ముందు ఐస్‌ని కొడుతుంది, ఆ అదురు కింది చేతి మీదుగా నేరుగా భుజానికి పోతుంది. మీవాడి కింది చెయ్యి ఎడమదే, విరిగిన వైపే. మొదటి మూడు వారాలు మామూలు కన్నా ఐదు నుంచి పది తక్కువ ఫ్లెక్స్ (స్టిక్ బిగువుని చెప్పే అంకె) ఉన్న స్టిక్ ఇవ్వండి. 72 కిలోలంటే దాదాపు 159 పౌండ్లు. అందులో సగం లెక్కన 75 నుంచి 80 ఫ్లెక్స్ అతనికి సరిపోతుంది, ఇప్పుడు 70 చాలు.

తర్వాత జట్టుతో ప్రాక్టీస్, వేరే రంగు జెర్సీతో, తాకిడి లేకుండా. ఆ జెర్సీ విషయం ప్రాక్టీసుకి ముందే కోచ్ జట్టందరికీ చెప్పాలి. చెప్పకపోతే పదిహేనేళ్ల కుర్రాడికి ఆ రంగు గుర్తుండదు. ఆ తర్వాత బోర్డుల దగ్గర ఒకరితో ఒకరు, ఎదుటివాడు సగం బలంతో. అది బాగుంటే పూర్తి తాకిడితో కనీసం మూడు ప్రాక్టీసులు. ఆ పైన మ్యాచ్, అదీ డిఫెన్స్ మూడో జతలో, పది పన్నెండు నిమిషాలకి మించకుండా. పవర్ ప్లేకి (ఎదుటి జట్టులో ఒకరు శిక్షతో బయట ఉన్నప్పుడు) దింపొచ్చు, పెనాల్టీ కిల్‌కి (మన జట్టులో ఒకరు అలా తగ్గినప్పుడు) వద్దు. పెనాల్టీ కిల్ అంటే షాట్లకి అడ్డుపడటం, నెట్ ముందు తోపులాట. మొదటి రెండు వారాలు వరస రోజుల్లో రెండు మ్యాచ్‌లు వద్దు. వారాంతపు టోర్నమెంట్ అసలే వద్దు. మూడు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు, పైగా జట్టులో ఒక డిఫెన్స్‌మన్ తగ్గితే మీవాడి షిఫ్టులు (ఒక్కో విడతలో ఐస్ మీద ఉండే సమయం) 45 సెకన్ల నుంచి 80కి పోతాయి. కాళ్లు అలిసినవాడు వెనక్కి తిరిగి చూడటం మానేస్తాడు.

అసలు విషయం ఇదే. డిఫెన్స్‌మన్‌కి ఎక్కువ దెబ్బలు తగిలేచోటు నడి ఐస్ కాదు, వెనక మూల. పక్ మూలకి పోయింది, ఇతను వీపు చూపిస్తూ వెళ్తున్నాడు, ఫోర్‌చెకర్ (పక్ లాక్కోవడానికి దూసుకొచ్చే ఎదుటి ఆటగాడు) పూర్తి వేగంతో వెనకాలే వస్తున్నాడు. స్కౌట్లు (పై జట్ల కోసం కుర్రాళ్లని వెతికేవాళ్లు) కాగితం మీద ఎక్కువ రాసుకునేదీ ఈ క్షణం గురించే: ఒత్తిడిలో పక్ తీసుకుని శుభ్రంగా బయటికి పంపుతున్నాడా, లేదా? అంటే దెబ్బ తప్పించుకునే పద్ధతీ, పై స్థాయికి వెళ్లే నైపుణ్యమూ ఒకటే. జిమ్‌లో ఎంత బరువు ఎత్తినా దీనికి బదులు కాదు.

వెనక్కి తిరిగాక చూపులు మూడు ఉండాలి. మొదటిది తిరిగిన వెంటనే: ఎంతమంది వస్తున్నారు, ఏ భుజం వైపునుంచి వస్తున్నారు. రెండోది ఫేసాఫ్ చుక్కల (ఆట తిరిగి మొదలుపెట్టే గుర్తుల) దగ్గర: వాడు దగ్గరయ్యాడా, దారి మార్చాడా, రెండోవాడు ఎక్కడున్నాడు. మూడోది పక్ తాకడానికి ఒక క్షణం ముందు, ఇది ముఖ్యం. ఎక్కువమంది కుర్రాళ్లు మొదటి చూపుతో ఆపేస్తారు, తర్వాత కళ్లన్నీ పక్ మీదే. ఫోర్‌చెకర్ దారి మార్చేది సరిగ్గా అప్పుడే. దీనికి ప్రాక్టీస్ తేలిక. కోచ్ మూలకి పక్ వేస్తాడు, వెనకాల ఇంకొకరు వస్తూ వేళ్లు చూపిస్తారు. రెండోసారి, మూడోసారి చూసినప్పుడు వేళ్ల సంఖ్య గట్టిగా అరిచి చెప్పాకే పక్ తాకాలి. ఒక్కోవైపు ఎనిమిదిసార్లు, మొదట నిదానంగా, తర్వాత వేగంగా. వేళ్లు చూపించేవాడు మధ్యలో సంఖ్య మార్చాలి, లేకపోతే అంచనాతో అరిచేస్తారు.

తర్వాత దారి. పక్ వైపు నేరుగా గీత గీసినట్టు వెళ్తే స్కేటు ముక్కులు బోర్డుల వైపు ఉంటాయి, వీపు మొత్తం ఎదుటివాడికి అప్పగించినట్టే. నెట్ వైపునుంచి చిన్న వంపు తీసుకుని వెళ్తే, పక్ తాకే వేళకి పక్కభాగం బోర్డులకి వస్తుంది. అప్పుడు ముందుకీ వెనక్కీ రెండు దారులూ తెరిచి ఉంటాయి. తాకేముందు ఒకవైపు చూసి, అటు భుజం వంచి, రెండోవైపు వెళ్లాలి. ఆ మోసానికి ఫోర్‌చెకర్ బరువు తప్పుడు కాలిమీద పడి అర సెకను ఆలస్యం అవుతాడు. అర సెకను దొరికితే పాస్ వెళ్లిపోతుంది.

బోర్డులకి మీటరు దూరం, అదే ప్రమాదపు పట్టీ. పూర్తిగా ఆనుకుని ఉంటే గుద్దు బోర్డులు కూడా పంచుకుంటాయి. బాగా దూరంగా ఉంటే తప్పుకోవడానికి చోటు ఉంటుంది. మధ్యలో ఉండి ఒంటిచేత్తో స్టిక్ చాచి పక్‌ని అందుకోబోతే, శరీరం ఎగిరి భుజంతోనో తలతోనో బోర్డులకి తగులుతుంది. మీరు రాసిన వర్ణన చదివితే జరిగింది ఇదేననిపిస్తోంది. అందుకని దగ్గరికి వెళ్లాలనుకుంటే చివరి రెండు అడుగులూ పూర్తిచేయాలి. మోకాళ్లు వంచి, పాదాలు భుజాల వెడల్పు కన్నా దూరంగా పెట్టి, తుంటీ ముంజేయీ ముందు బోర్డుకి ఆనాలి. పక్ శరీరానికి అవతలి వైపు ఉండాలి. పడిపోతున్నానని తెలిసిన క్షణంలో తల ఎప్పుడూ వంచకూడదు. గడ్డం ఛాతీ వైపు వెళ్తే మెడ ఎముకలు ఒకే గీతలోకి వస్తాయి, గుద్దు బలమంతా నేరుగా వాటిమీదే పడుతుంది. వెన్నుపాము గాయాలు అయ్యేది అలాగే. యూఎస్‌ఏ హాకీ ఏళ్లుగా ‘తల పైకి, వంచొద్దు’ అని పిల్లలకి నూరిపోస్తున్నది ఇందుకే.

ఇందులో జతగా ఆడే డిఫెన్స్ భాగస్వామి నోరు కూడా సగం పని చేస్తుంది. ‘వీల్’ అంటే నువ్వే నెట్ వెనకనుంచి తిప్పుకెళ్లు. ‘ఓవర్’ అంటే నెట్ వెనకనుంచి నాకు పంపు. ‘రివర్స్’ అంటే వచ్చిన దారినే వెనక్కి వదిలెయ్. ‘రిమ్’ అంటే బోర్డుల వెంట బలంగా తిప్పి కొట్టు. గోల్‌కీపర్, రెండో డిఫెన్స్‌మన్ ఈ మాటల్లో ఏదో ఒకటి రెండో చూపు లోపే అరవాలి. నోరెత్తని భాగస్వామి పక్కన ఆడితే ఎంత నైపుణ్యం ఉన్నవాడైనా దెబ్బలు తింటాడు. కోచ్‌తో మాట్లాడేటప్పుడు మీవాడి భుజం గురించే కాక ఇది కూడా అడగండి: జట్టుకి ఈ పిలుపులు నేర్పారా?

ఐస్ మీదకి వెళ్లని ఈ వారాల్లో చేయదగ్గ పని ఇక్కడే ఉంది. మీ రింక్‌లో లైవ్‌బార్న్ కెమెరా ఉంటే ఇంకా తొలగిపోని పాత మ్యాచ్‌లు తీయండి, లేకపోతే తోటి తల్లిదండ్రుల ఫోన్లలో ఉన్నవి. అతను వెనక్కి వెళ్లి పక్ తీసుకున్న సందర్భాలు ఇరవై ఐదు ఏరాలి. ఒక్కోదానికి మూడే గడులు: ఎన్నిసార్లు వెనక్కి చూశాడు, స్కేటు ముక్కులు ఎటు ఉన్నాయి, ఏమైంది. ఏమైందంటే, పాస్ సరిగ్గా అందిందా, గ్లాస్ మీదుగా గుడ్డిగా కొట్టేశాడా, పక్ పోయిందా. అతనే రాయాలి, మీరు కాదు. తండ్రి రాస్తే అది తిట్టు అవుతుంది.

ఇక గజ్జలు. సెప్టెంబర్ నుంచి ఉందంటే అది ‘పట్టేసింది’ అని వదిలేసే దశ దాటిపోయింది. ఏడాదికి 8 సెంటీమీటర్లు పెరుగుతున్న కుర్రాడిలో ఎముక ముందు సాగుతుంది, కండరాలు వెనకబడతాయి. కటి ఎముకకి కండరం అతుక్కునేచోట ఎదుగుదల పొర ఇంకా మూసుకుపోయి ఉండదు. పెద్దవాళ్లలో కండరం చిట్లే లాగుడికి, ఈ వయసులో ఆ పొరే వాచిపోవచ్చు, ఒక్కోసారి ఎముక ముక్కతో సహా ఊడి రావచ్చు. కాబట్టి ఒకసారి తుంటి ఎక్స్‌రే తీయించండి, ఎలాగూ భుజానికి వెళ్తున్నారు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు ఛాతీ వైపు వంచి లోపలికి తిప్పితే తుంటి ముందుభాగంలో పొడిచినట్టు నొప్పి వస్తే, డాక్టర్‌కి ఆ మాటే చెప్పండి. హాకీ ఆడే కుర్రాళ్లలో తొడఎముక మెడ దగ్గర ఎముక ఉబ్బుగా ఎదగడం మామూలు కన్నా ఎక్కువ కనిపిస్తుంది. ఎదిగే వయసులో, ఏడాది పొడవునా స్కేటింగ్ చేసేవాళ్లలో ఇది తయారవుతుంది. పాదాలు రెండూ బయటికి తెరిచి జారే ఫ్యాషన్ స్కేటింగ్ ఇప్పుడు ప్రతి వేసవి క్యాంపులోనూ నేర్పుతున్నారు. తుంటి లోపలికి తిరగని కుర్రాడి చేత అది గంటలకొద్దీ చేయించడం నాకు నచ్చదు.

కొలవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. వెల్లకిలా పడుకుని, కాళ్లు చాచి, చీలమండల మధ్య ఎవరిదైనా ముంజేయి పెట్టి ఐదు సెకన్లు గట్టిగా నొక్కాలి. నొప్పి పదికి రెండు దాకా అయితే ఆడొచ్చు, మూడు నుంచి ఐదు అయితే తగ్గించి ఆడాలి, ఆరు గానీ ఆపైన గానీ అయితే ఆపాలి. వారానికి రెండుసార్లు ఒకే సమయంలో చేసి రాసుకోండి. బలం విషయానికొస్తే, కాలిని లోపలికి లాగే కండరాల బలం బయటికి తోసే కండరాల బలంలో 80 శాతానికి తగ్గకూడదు. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ హాకీ లీగ్) ఆటగాళ్ల మీద చేసిన ఒక పరిశోధనలో ఈ గీత కింద ఉన్నవాళ్లకి గజ్జల గాయం అవకాశం 17 రెట్లు ఉందని తేలింది. దీనికి అందరూ చెప్పే వ్యాయామం కోపెన్‌హాగెన్ ప్లాంక్: పక్కకి పడుకుని మోచేతి మీద లేచి, పైకాలు బెంచీ మీద పెట్టి, తుంటిని పైకి ఎత్తి ఉంచడం. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎడమవైపు చేయాలంటే బరువంతా విరిగిన భుజం మీద పడుతుంది. కుడివైపు మాత్రమే చేస్తే రెండు కాళ్లకీ తేడా వస్తుంది. అందుకని భుజానికి అనుమతి వచ్చేదాకా మోకాళ్ల మధ్య బంతి నొక్కడం, పది సెకన్ల చొప్పున ఎనిమిదిసార్లు. దానితోపాటు చీలమండకి రబ్బరు బ్యాండు కట్టి నిలబడి కాలు లోపలికి లాగడం, ఒక్కో కాలికి పన్నెండు చొప్పున మూడు సెట్లు, వారానికి మూడు రోజులు. అనుమతి వచ్చాక కోపెన్‌హాగెన్ ముందు మోకాలు బెంచీ మీద ఆనించి, పదిహేను సెకన్లతో మొదలుపెట్టాలి. పాదం ఆనించే కష్టమైన పద్ధతికి నెల తర్వాత వెళ్లొచ్చు.

నడుము గురించి ఒక్కమాట. షాట్ కొట్టినప్పుడు, వెనక్కి వంగినప్పుడు నడుము కింద ఒకవైపు నొప్పి రెండు మూడు వారాలు ఉంటే మసాజులతో కాలక్షేపం చేయకండి. ఈ వయసులో అది వెన్నుపూసలో ఒత్తిడి పగులు కావచ్చు. తొందరగా పట్టుకుంటే విశ్రాంతితో అతుక్కుంటుంది, ఆలస్యమైతే అతుక్కోదు.

తలకి దెబ్బ తగిలిందా అని ఆరోజు ఎవరైనా చూశారా? భుజం విరిగిన గోలలో అది మరిచిపోతారు. వెనకనుంచి బోర్డుల్లోకి గుద్దితే తల కూడా అదిరి ఉంటుంది. ఆ వారంలో తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం ఉండి ఉంటే డాక్టర్‌కి ఇప్పుడైనా చెప్పండి. అంటారియోలో 2018 నాటి రోవన్స్ లా అనే చట్టం ప్రకారం, కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అనుమానం వస్తే ఆటగాణ్ణి వెంటనే ఆటలోంచి తప్పించాలి, డాక్టరో నర్స్ ప్రాక్టీషనరో రాసి ఇవ్వనిదే పూర్తి ప్రాక్టీసుకీ మ్యాచ్‌కీ తిరిగి రానివ్వకూడదు. కోచ్‌కి ఇష్టమా లేదా అన్న ప్రశ్నే లేదు. ముందు ఒకటి రెండు రోజులు తేలికపాటి విశ్రాంతి, తర్వాత నడక, సైకిల్, ఒంటరి స్కేటింగ్, ఇలా ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు. స్కూల్లో పూర్తిగా కుదురుకున్నాకే తాకిడి.

డ్రాఫ్ట్ భయానికి వద్దాం. మాథ్యూ షేఫర్ సంగతి చూడండి, ఇతనూ ఎడమచేతి డిఫెన్స్‌మనే, హామిల్టన్ కుర్రాడు. 2024 డిసెంబర్ 27న ఒట్టావాలో ప్రపంచ జూనియర్ టోర్నీలో లాత్వియా మీద ఆడుతూ గోల్ పోస్టుకి గుద్దుకుని కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది, సీజన్ అయిపోయింది. ఆ ఏడాది ఓహెచ్‌ఎల్ జట్టు ఈరీ ఆటర్స్‌కి ఆడింది 17 మ్యాచ్‌లే. 2025 జూన్‌లో న్యూయార్క్ ఐలాండర్స్ అతన్ని మొత్తం ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా తీసుకుంది. చెక్ అన్నదమ్ములు యిరిచెక్‌లు ఇద్దరూ డ్రాఫ్ట్ ఏడాదిలోనే ప్రపంచ జూనియర్స్‌లో మోకాలు దెబ్బ తిన్నారు, పెద్దవాడు డేవిడ్ 2021 డిసెంబర్‌లో, చిన్నవాడు ఆడమ్ 2023 డిసెంబర్‌లో. డేవిడ్ ఆరో స్థానంలో, ఆడమ్ పదహారో స్థానంలో వెళ్లారు. స్కౌట్లు ఒక్క సీజన్ చూసి నిర్ణయించరు, అంతకుముందు చూసినది వాళ్ల దగ్గర ఉంటుంది. విరిగి అతికిన ఎముకకి ఎవరూ పెద్దగా భయపడరు. భయపడేది ఒకదాని వెంట ఒకటి వచ్చే గాయాలకి. 2012లో రెండో స్థానంలో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు కొలంబస్ తీసుకున్న రయన్ మర్రీ చాలా తెలివైన డిఫెన్స్‌మన్. డ్రాఫ్ట్ అయిన కొన్ని నెలలకే భుజం ఆపరేషన్, తర్వాత వరసగా వేరేవి. పూర్తి 82 మ్యాచ్‌ల సీజన్ ఒక్కటే ఆడగలిగాడు. మీవాడికి ఇప్పటికే భుజం, గజ్జలు రెండూ ఉన్నాయి కాబట్టి నేను ప్లేఆఫ్స్ కన్నా గజ్జల గురించే ఎక్కువ పట్టుబడుతున్నాను.

పైగా డిఫెన్స్ ఆలస్యంగా పండే స్థానం. జేకబ్ స్లావిన్ 2012లో 120వ స్థానంలో వెళ్లాడు. మెకెంజీ వీగర్ 2013లో 206వ స్థానం. టొరంటో వాడైన మార్క్ జోర్డానోని ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎవరూ డ్రాఫ్టే చేయలేదు, 35 ఏళ్ల వయసులో 2019లో నోరిస్ ట్రోఫీ (లీగ్‌లో ఆ ఏడాది ఉత్తమ డిఫెన్స్‌మన్‌కి ఇచ్చేది) గెలిచాడు. ఓహెచ్‌ఎల్‌లో ఈసారి పేరు రాకపోతే అండర్ 18 డ్రాఫ్ట్ ఇంకొకటి ఉంది, దాని కింది స్థాయి జూనియర్ ఏ ఉంది. 2025 ఆగస్టు నుంచి కెనడా మేజర్ జూనియర్‌లో (ఓహెచ్‌ఎల్ స్థాయి లీగుల్లో) ఆడినవాళ్లూ ఎన్‌సీఏఏకి (అమెరికా కాలేజీ ఆటకి) వెళ్లొచ్చు కాబట్టి, ఒక దారి ఎంచుకుంటే రెండోది మూసుకుపోతుందన్న పాత భయం కూడా తగ్గింది.

తిండి విషయంలో మన ఇళ్లలో జరిగే పొరపాటు, ఆడటం లేదు కదా అని తగ్గించడం. ఎముక కట్టుకుంటున్న సమయంలో తగ్గించకూడదు. కిలోకి 1.6 గ్రాముల లెక్కన రోజుకి దాదాపు 115 గ్రాముల ప్రోటీన్ కావాలి. పలుచటి పప్పుచారు, అన్నం, పెరుగుతో అది రాదు. గుడ్డుకి 6 గ్రాములు, వంద గ్రాముల పనీర్‌కి 18 దాకా, చికెన్ తింటే ఇంకా సులువు. శాకాహారులైతే గట్టి పప్పు, గ్రీక్ యోగర్ట్, అవసరమైతే వే పౌడర్ (పాల ప్రోటీన్ పొడి) వాడొచ్చు, డబ్బా మీద ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ గుర్తు ఉన్నదే కొనండి. కాల్షియం రోజుకి 1300 మిల్లీగ్రాములు. విటమిన్ డి రక్తపరీక్ష చేయించండి. టొరంటో చలికాలపు ఎండలో అది తయారవ్వదు, మన చర్మానికి ఇంకా కష్టం. డాక్టర్ చెప్పకుండా రోజుకి 4000 యూనిట్లు దాటించొద్దు.

సామాన్లలో షోల్డర్ ప్యాడ్స్ ఒక్కటి తప్పకుండా మళ్లీ కొలవండి. ఎనిమిది సెంటీమీటర్లు పెరిగాక పాతవి పొట్టివైపోతాయి. ప్యాడ్‌లో భుజాన్ని కప్పే గిన్నె మధ్యభాగం సరిగ్గా భుజం కొనమీద కూర్చోవాలి, ఛాతీ కవచం కాలర్ బోన్ మీదిదాకా రావాలి. స్టిక్ ఎత్తినప్పుడు గిన్నె మెడవైపు జారితే సైజు చాలదన్నమాట. అతుకు బుడిపె చుట్టూ నడుమ రంధ్రం ఉన్న ఫోమ్ ముక్క కోసి లోపల అంటిస్తే పట్టీ ఒరుసుకోదు.

కోచ్‌కి ఫోన్‌లో కాకుండా మెయిల్ రాయండి, మర్యాదగా, తేదీలతో: ఎనిమిదో వారం ఎక్స్‌రే ఫలానా రోజు, అది బాగుంటే ఫలానా వారం నుంచి వేరే రంగు జెర్సీతో ప్రాక్టీస్, పూర్తి తాకిడితో మూడు ప్రాక్టీసులు అయ్యాకే మ్యాచ్. ఈలోగా బెంచీ వెనక నిలబడి డిఫెన్స్ మార్పులు చూసే పని ఇవ్వమని అడగండి, జట్టుకి దూరమైన కుర్రాడే తొందరపడి అబద్ధం చెప్తాడు. ఎక్స్‌రే రిపోర్టు, చీలమండల మధ్య నొక్కినప్పుడు వచ్చిన నొప్పి అంకె, ఈ రెండూ వచ్చాక ఇక్కడ రాయండి. వాటిని బట్టి వేసవి ప్రణాళిక చెప్పొచ్చు. ఈలోపు ఏ షోకేస్ టోర్నమెంట్‌కీ (స్కౌట్లకి కనపడటానికి ఆడేవాటికి) డబ్బు కట్టకండి, వాటిలో చాలావరకు తిరిగి ఇవ్వరు.